లండన్‌లో వెలుగునీడల అచ్చుబొమ్మలు

మాది మచిలీపట్నం. పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం చూస్తూ పెరిగాను. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. 16వ శతాబ్దపు ఇటలీలో కూడా ఇలాగే విడివిడి కొయ్య అచ్చులతో పురాణ గాథల బొమ్మల్ని కాగితం మీద అద్దేవారని తెలిసినప్పటి నుంచి, వాటిని దగ్గరగా చూడాలని ఉండేది. కియారోస్కూరో ఉడ్‌కట్లు అంటారు వాటిని. కియారోస్కూరో అంటే వెలుగునీడ.

అలాంటివి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో చూడొచ్చు. అక్కడ 90వ నంబరు గ్యాలరీ దగ్గరే ప్రింట్లను (కాగితం మీద అద్దిన బొమ్మల్ని) దగ్గరగా చూసే స్టడీ రూమ్ ఉంది. ముందుగా ఈమెయిల్ పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకుంటే, మనం అడిగిన ప్రింట్లు తెచ్చి టేబుల్ మీద పెడతారు. డబ్బేమీ కట్టక్కర్లేదు. వెబ్‌సైట్‌లో ప్రతి ప్రింటుకూ ఒక నంబరు ఉంటుంది, అది రాసి పంపితే పని తేలిక. గుర్తింపు కార్డు మర్చిపోవద్దు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లండి.

నేను మొదట అడిగింది ఇటలీ చిత్రకారుడు పార్మిజానినో డ్రాయింగ్ ఆధారంగా ఆంటోనియో ద ట్రెంటో చెక్కిన బొమ్మ. చెట్టు దగ్గర మనకు వీపు చూపిస్తూ కూర్చున్న యువకుడు. నార్సిసస్ అని అంటారు, గ్రీకు గాథల్లో తన ప్రతిబింబాన్నే ప్రేమించిన యువకుడు. రెండే అచ్చులు, ఒకటి నల్ల గీతలకు, రెండోది రంగుకు. వీపు మీద వెలుగు పడినచోట తెల్లరంగు వేశారేమో అనుకున్నాను. కాదు, అక్కడ అచ్చులో కొయ్యను తొలిచేశారు. ఆ తెలుపు ఉత్త కాగితమే! బొమ్మను బిగించిన అట్టను కాస్త ఏటవాలుగా పట్టుకుంటే కాగితంలోకి దిగిన అచ్చు నొక్కు కూడా కనిపించింది. అద్దం వెనక వేలాడదీస్తే ఇది తెలియదు. ఇటలీలోని బొలోన్యాలో పార్మిజానినో ఇంట్లోనే ఉంటూ, ఒక ఉదయం పెట్టె తెరిచి ఆయన డ్రాయింగులతో సహా పారిపోయాడట ఈ ఆంటోనియో. ఆ కాలపు కళాకారుల జీవిత చరిత్రలు రాసిన వసారి ఈ సంగతి రాశాడు. ఆ డ్రాయింగులు మళ్లీ దొరకలేదని చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

తర్వాత చూసింది, ఇటలీ చిత్రకారుడు రఫేల్ రూపకల్పన ఆధారంగా ఉగో ద కార్పి అనే అచ్చుల కళాకారుడు 1518లో చేసిన ఈనియస్ బొమ్మ. ఈనియస్ పురాణ గాథల్లోని వీరుడు. మంటల్లో ఉన్న ట్రాయ్ నగరం నుంచి ముసలి తండ్రిని మోసుకుపోతున్నాడు. ఈ పద్ధతి తానే కనిపెట్టానని 1516లోనే వెనిస్ సెనేట్ దగ్గర హక్కు అడిగాడు ఉగో. కానీ జర్మనీలో క్రానాక్, బుర్క్‌మైర్ అనే కళాకారులు అంతకుముందే ఇలాంటివి అద్దారు. అయినా గీత మీద ఆధారపడకుండా రంగు పొరలతోనే ఒంటిని మలచడంలో నాకు ఉగోనే గొప్ప.

బస కింగ్స్ క్రాస్ దగ్గర ఒక చిన్న హోటల్లో. మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు, అదొక్కటే లాభం. రెండో రోజే లిఫ్ట్ ఆగిపోయింది, సూట్‌కేసులు మూడంతస్తులు మోసుకున్నాం. రిసెప్షన్‌లో అడిగితే సరైన సమాధానం లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ గురించి ముందే కనుక్కోండి. భోజనానికి మాత్రం ఇబ్బంది పడలేదు. యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో దోసె దొరుకుతుంది.

మూడో రోజు ప్యాడింగ్టన్ నుంచి రైల్లో ఆక్స్‌ఫర్డ్, సుమారు గంట ప్రయాణం. అక్కడి ఆష్మోలియన్ మ్యూజియం ప్రింట్ రూమ్‌కూ ముందే రాసి పెట్టుకున్నాం. రఫేల్ డ్రాయింగులకు అది పెద్ద నిధి. ఆయన చాక్‌తో మెత్తగా రుద్దిన నీడను చూస్తుంటే, ఉగో కొయ్యలో పట్టుకోవాలని తాపత్రయపడింది దేన్నో అర్థమైంది. అందుకే మీరు వెళ్తే ఆక్స్‌ఫర్డ్ ముందు, లండన్ తర్వాత పెట్టుకోండి. మేము తిరగేసి చూశాం.