ఆపామా, ఆగామా? ఇంగ్లీషులో ‘స్టాప్’ తిరకాసు

అనంతపురం నుంచి కర్నూలుకు కారులో వెళ్తూ గుత్తి దగ్గర ఉగ్గాని, బజ్జీ తినడానికి ఆగాం. ఆ సంగతిని మా అమ్మాయి ఇంగ్లీషులో ‘వి స్టాప్డ్ ఈటింగ్’ అని రాసింది. పాపం, బజ్జీ చేతిలో ఉండగానే తినడం మానేశామన్న అర్థం వచ్చింది! రాయవలసింది ‘వి స్టాప్డ్ టు ఈట్’.

‘స్టాప్’ తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తే, జరుగుతున్న పనే ఆగిపోతుంది. ‘టు’ వస్తే, చేస్తున్న ఇంకో పనిని ఆ పని కోసం ఆపినట్టు. తెలుగుకు ఈ తికమక లేదు. తినడం ఆపాం, తినడానికి ఆగాం: క్రియే మారిపోతుంది. ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టి, భారమంతా వెనక వచ్చే రూపం మీద వేస్తుంది.

‘రిమెంబర్’ ఇంకా గడుసుది. ‘రిమెంబర్ లాకింగ్’ అంటే తాళం వేసినట్టు గుర్తుండడం, పని అయిపోయింది. ‘రిమెంబర్ టు లాక్’ అంటే తాళం వేయడం మరచిపోకుండా ఉండడం. ‘ఫర్గెట్’దీ ఇదే దారి.

చాలా క్రియలకు ఇంత కథ లేదు. ‘ఎంజాయ్’కి ‘ఇంగ్’, ‘వాంట్’కి ‘టు’, ‘స్టార్ట్’కు ఏదైనా సరే. జాబితాలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. ‘స్టాప్’ వరకైతే ముందు తెలుగులో అనుకోమంటాను: ‘తినడానికి’ అని వస్తే ‘టు’. ‘వాంట్’ దగ్గర ఈ చిట్కా పారదు. అక్కడ తెలుగు ‘తినాలని’ అంటుంది.