లేహ్‌లో మొరేవియన్ సంఘం: గైడు కథలు, పెద్దాయన చరిత్ర

లేహ్ పట్టణంలో "క్రైస్తవ వారసత్వ నడక" అనే పేరు పెట్టి, మనిషికి 850 రూపాయల చొప్పున మా ముగ్గురి దగ్గర 2,550 రూపాయలు ముందే కట్టించుకుని, ఒక పూటంతా కట్టుకథలు వినిపించిన ఏజెన్సీ గురించి నలుగురికీ తెలియాలన్నది ఈ వ్యాసానికి మొదటి కారణం. లేహ్‌లోని మొరేవియన్ అనే చిన్న ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం గురించి మరునాడు ఒక పెద్దాయన పైసా తీసుకోకుండా చెప్పిన సంగతులు అంతకంటే ఎక్కువమందికి తెలియాలన్నది రెండో కారణం. ఏజెన్సీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ బజారులో అలాంటివి ఇంకా ఉంటాయనే నా అనుమానం.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన కథ వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి, హిమాలయాల అవతల జర్మన్ మిషనరీలు స్థాపించిన ఒక చిన్న సంఘం నేటికీ బతికి ఉందని చదివినప్పటి నుంచి అక్కడికి వెళ్ళాలని నాకు కోరికగా ఉండేది. మా ఆవిడ లదాఖ్ కొండల కోసం వచ్చింది. మా బాబాయి చదువుకునే రోజుల్లోనే కమ్యూనిస్టు పార్టీలో చేరి చర్చి మానేసిన మనిషి, "మీరు ప్రార్థన చేసుకోండి, నేను సిల్కు రోడ్డు చూసుకుంటాను" అంటూ బయలుదేరాడు.

మనాలి నుంచి షేర్ వాహనంలో లేహ్‌కు సీటుకు 3,500 రూపాయలు ఇచ్చాం. దారిలో అటల్ సొరంగం దాటాక లాహౌల్ లోయలోని కేలాంగ్‌లో ఆగాం. గది అద్దె 1,400, భోజనం బాగుంది, ఫిర్యాదేమీ లేదు. నిజానికి ఈ సంఘం హిమాలయ కథ మొదలైంది ఇక్కడే. హైడే, పాగెల్ అనే ఇద్దరు 1853లో జర్మనీ నుంచి బయలుదేరింది మంగోలియా కోసం. టిబెట్ సరిహద్దులో వాళ్ళను వెనక్కి పంపేశారు, లదాఖ్ అప్పట్లో కశ్మీర్ మహారాజు ఏలుబడిలో ఉండడంతో అక్కడా స్థిరపడే వీలు లేకపోయింది. చివరికి బ్రిటిష్ పాలనలో ఉన్న లాహౌల్‌లో, కేలాంగ్ దగ్గర 1856లో ఇల్లు కట్టుకున్నారు. మంగోలియా వాళ్ళు చూడనే లేదు. హైడే మాత్రం భార్య మరియాతో కలిసి దాదాపు నలభై ఏళ్ళు ఆ లోయలోనే ఉండిపోయాడు. మరియా అక్కడి ఆడవాళ్ళకు మేజోళ్ళు అల్లడం నేర్పింది. మేము బజారులో 650 రూపాయలకు కొన్న రంగురంగుల ఊలు మేజోళ్ళు ఆ పరంపరలోనివేనని దుకాణంలోని ఆవిడే చెప్పింది. కేలాంగ్ మిషన్ 1940లో మూతపడింది. అల్లిక మిగిలింది.

అసలు సంగతి లేహ్‌లో జరిగింది. మా గైడు చలాకీ కుర్రవాడే, మాట తియ్యగా ఉంది. మొరేవియన్లంటే ఇంగ్లండు నుంచి వచ్చిన పాదిరీలని మొదలుపెట్టాడు. ఆ పాఠశాల, ఆ చర్చి అన్నీ విక్టోరియా రాణి డబ్బుతో కట్టినవని అన్నాడు. నేను "జర్మన్లు కాదా?" అని అడిగితే, "ఒకటే సార్, తెల్లవాళ్ళే కదా" అని నవ్వాడు. శ్మశానానికి తీసుకువెళ్ళి, సూదిమొనలా లేచిన ఒక రాతి స్తంభాన్ని చూపించి, ఈ సంఘ స్థాపకుడు ఇతనేనని, మొరేవియా దేశం నుంచి వచ్చాడు కాబట్టే సంఘానికి ఆ పేరు వచ్చిందని చెప్పాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఫెర్డినాండ్ స్తోలిచ్కా స్మారకం. ఆయన భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త. మధ్య ఆసియాలోని యార్కండ్ వెళ్ళిన రెండో దౌత్య బృందంతో తిరిగి వస్తూ 1874 జూన్‌లో ముర్గో దగ్గర ఎత్తైన కొండల్లో ప్రాణం విడిచాడు. ఆయన మొరేవియాలో, అంటే నేటి చెక్ దేశంలోని ఒక ప్రాంతంలో, పుట్టిన మాట నిజమే. సంఘ స్థాపనతో మాత్రం ఆయనకు ఏ సంబంధమూ లేదు. లేహ్‌లో మిషన్ పెట్టిందే ఆయన పోయిన పదకొండేళ్ళకు.

ఇంతవరకూ సహించవచ్చు. తరువాత మమ్మల్ని మరో సమాధి దగ్గర నిలబెట్టి, గొంతు తగ్గించి, "సార్, ఇది ఎవరికీ చూపించం. కార్ల్ మార్క్స్" అన్నాడు. మా బాబాయి చటుక్కున వంగాడు. రాతి మీద ఆ పేరు స్పష్టంగానే ఉంది. కార్మికుల కోసం పోరాడిన ఆ మార్క్సే చివరి రోజుల్లో మనసు మారి, పాదిరీ అయి, లదాఖ్ వచ్చి రోగులకు సేవ చేస్తూ పోయాడని గైడు వివరించాడు. బాబాయి ముఖం ఎర్రబడింది. ఆయనకు తెలియని విషయాలు ఎన్నో ఉండవచ్చు గాని, మార్క్స్ 1883లో లండన్‌లో మరణించాడని, సమాధి హైగేట్‌లో ఉందని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. "నాయనా, ఈ మాట ఎంతమందికి చెప్పావు?" అని అడిగాడు. "అందరికీ చెబుతాను సార్, అందరికీ నచ్చుతుంది" అన్నాడు వాడు. ఆ జవాబు విన్నాక బాబాయి ఆ పూటంతా మాట్లాడలేదు, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పక్కకు వెళ్ళిపోయింది. ఏజెన్సీకి వెళ్ళి అడిగితే, డబ్బు వాపసు ఇవ్వడం కుదరదని, పాంగాంగ్ సరస్సు టూరు తీసుకుంటే 500 రూపాయలు తగ్గిస్తామని అన్నారు. మేము తీసుకోలేదు.

మరునాడు ఆదివారం. ఆరాధనకు వెళ్ళాం, కొత్తవాళ్ళమని గమనించి సంఘంలోని ఒక పెద్దాయన ముగింపు తరువాత మమ్మల్ని తన ఇంటికి పిలిచాడు. ఉప్పు, వెన్న వేసిన టీ, ఖంబీర్ రొట్టె పెట్టారు. ఆ టీ మా ఆవిడకు సహించలేదు, నాకు రెండో కప్పుకు అలవాటైంది, బాబాయి మూడు తాగాడు. మార్క్స్ కథ చెప్పగానే పెద్దాయన తల పట్టుకున్నాడు. ఆ సమాధిలో ఉన్నది అదే పేరున్న మిషన్ వైద్యుడు. 1885లో రెడ్‌స్లాబ్ అనే మిషనరీ లేహ్‌లో మిషన్ ప్రారంభించాక ఆసుపత్రి పని చూడడానికి వచ్చాడు. 1891లో పట్టణంలో జ్వరాలు ప్రబలినప్పుడు రోగుల మధ్య పనిచేస్తూ ఆయనా, రెడ్‌స్లాబ్ కూడా కొద్ది వ్యవధిలోనే చనిపోయారు. ఇంతకంటే పెద్ద కథ ఆ గైడుకు ఎందుకు కావలసి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

నేను లూథరన్‌నని చెప్పినప్పుడు పెద్దాయన కళ్ళలో కొంటెతనం మెరిసింది. "మీ లూథర్ పుట్టకముందే మేమున్నాం" అన్నాడు. లెక్క సరైనదే. మొరేవియా పక్కనే ఉన్న బొహీమియాకు చెందిన యాన్ హుస్ అనే మత సంస్కర్తను 1415లో కాన్‌స్టన్స్ పట్టణంలో సజీవంగా దహనం చేశారు. ఆయన బోధను నమ్మిన కొందరు, ఆయన పేరుతో సాగిన యుద్ధాలు రుచించక, 1457లో కున్వాల్డ్ అనే పల్లెలో సహోదరుల ఐక్యసంఘంగా ఏర్పడ్డారు. లూథర్ 1483లో గాని పుట్టలేదు. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో ప్రొటెస్టెంట్లు ఓడిపోయాక కాథలిక్ పాలకులు ఆ సంఘాన్ని నామరూపాలు లేకుండా చేశారు. విద్యావేత్తగా లోకమంతా ఎరిగిన కొమేనియస్ ఆ ప్రవాస కాలపు బిషప్పే. మిగిలినవారు నూరేళ్ళు రహస్యంగా విశ్వాసాన్ని కాపాడుకుని, 1722లో సరిహద్దు దాటి జర్మనీలోని సాక్సనీలో కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు భూమిలో హెర్న్‌హూట్ గ్రామం కట్టుకున్నారు. మొదటి చెట్టు నరికింది క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి.

అంతటి కష్టాలు పడి వచ్చినవారు అయిదేళ్ళలోనే తమలో తాము తగువులాడుకున్నారట. ఈ సంగతి పెద్దాయన దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. 1727 ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ చర్చిలో ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు వారు మళ్ళీ ఒక్కటయ్యారని, తమ సంఘానికి అదే రెండో పుట్టుక అని వారి నమ్మకం. వెంటనే రాత్రింబవళ్ళు వంతులవారీగా ప్రార్థన మొదలుపెట్టారు, అది నూరేళ్ళు ఆగలేదంటారు. 1732లో ఇద్దరిని కరిబియన్ దీవుల్లోని బానిసల దగ్గరికి, మరుసటి ఏడు ముగ్గురిని గ్రీన్‌లాండ్‌కు పంపారు. హెర్న్‌హూట్ అప్పట్లో కొన్ని వందల మంది ఉన్న ఊరే. మన తమిళనాడు తీరంలోని తరంగంబాడికి కూడా 1760లో వచ్చారు, అయితే అక్కడ అప్పటికే పాతుకుపోయిన, జర్మనీలోని హాలే పట్టణం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు వీరిని రానివ్వకూడదని గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఊరి బయట తోటలో ఉంటూ నలభై ఏళ్ళకు పైగా నెట్టుకొచ్చి వెళ్ళిపోయారు. మా వాళ్ళ ఈ నిర్వాకం ఒక మొరేవియన్ ఇంట్లో టీ తాగుతూ వినడం కాస్త ఇబ్బందిగానే ఉంది. పెద్దాయన మాత్రం రొట్టె ఇంకో ముక్క వడ్డించాడు.

విశ్వాసం విషయానికి వస్తే, ముఖ్యమైనవాటిలో ఐక్యత, ముఖ్యం కానివాటిలో స్వేచ్ఛ, అన్నింటా ప్రేమ అన్నది వారి సూత్రం. ఏది ముఖ్యమని అడిగితే క్రీస్తు మరణ పునరుత్థానాల దగ్గర ఆగుతారు. ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు ఎలా ఉన్నాడన్న దాని మీద మా పూర్వులు గ్రంథాలు రాసి కొట్టుకున్నారు, వీరు ఉన్నాడని ఒప్పుకుని ఎలాగన్నది వదిలేస్తారు. చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. బిషప్పులున్నారు గాని ఆ పదవి ఆత్మీయ బాధ్యతే తప్ప పరిపాలన అధికారం కాదు. విజయపతాకం పట్టిన గొర్రెపిల్ల వారి ముద్ర. ప్రేమవిందు అని ఒకటి చేస్తారు. అది ప్రభుభోజనం కాదు, పాటలు పాడుతూ అందరూ కలిసి రొట్టె తిని టీ తాగే ఆరాధన. ఈస్టరు నాడు తెల్లవారకముందే శ్మశానంలో కూడుకుంటారు.

పెద్దాయన బల్ల మీద ఒక చిన్న పుస్తకం ఉంది, అట్ట అంచులు చేతి జిడ్డుకు నల్లబడ్డాయి. ప్రతి రోజుకూ పాత నిబంధన నుంచి ఒక వచనం, కొత్త నిబంధన నుంచి మరొకటి ఉండే దినవాక్యాల పుస్తకం అది. 1731 నుంచి ఏటా అచ్చవుతోంది. పాత నిబంధన వచనాలను ఎవరూ ఎంపిక చేయరు, హెర్న్‌హూట్‌లో చీట్లు తీస్తారు. దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని మాత్రం సంపాదకులు ఎంచుకుంటారు. బాబాయి "లాటరీయా?" అన్నాడు. పెద్దాయన నొచ్చుకోకుండా, "మాకు నచ్చిన వచనం మేమే ఏరుకుంటే మాకు నచ్చినదే వింటాం గదా" అన్నాడు. బాబాయి దానికి తల ఊపాడు. హెర్న్‌హూట్ శ్మశానంలో రాళ్ళన్నీ ఒకే తీరుగా నేలకు పరిచి ఉంటాయని, పేదా గొప్పా తేడా ఉండదని చెప్పినప్పుడు ఇంకా ఉత్సాహంగా ఊపాడు. "జమీందారుకు కూడానా?" అని అడిగితే, ఆయన కుటుంబానికి మాత్రం నడిమధ్యన ఎత్తైన రాళ్ళున్నాయని పెద్దాయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. "చూశావా!" అన్నట్టు బాబాయి నా వైపు తిరిగాడు.

ఈ సంఘం లదాఖ్‌లో ఎన్నడూ పెద్దది కాలేదు, నేటికీ కొన్ని వందల మందే. ప్రపంచంలోని మొరేవియన్లలో ఎక్కువమంది టాంజానియాలో ఉన్నారు. అయినా వారు ఇక్కడ చేసిన చదువు పని వారి సంఖ్యకు అందదు. కేలాంగ్‌లో పనిచేసిన మిషనరీ యెష్కె టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు 1881లో వెలువడింది. మరో మిషనరీ ఫ్రాంకె 1904లో లదాఖీ భాషలో వార్తాపత్రిక నడిపాడు. స్థానికుడైన యోసెబ్ గెర్గన్ జీవితమంతా ధారపోసిన టిబెటన్ బైబిలు 1948లో లాహోర్‌లో అచ్చయ్యేనాటికి ఆయన కన్నుమూసి రెండేళ్ళయింది. గైడు నోట వీటిలో ఒక్కటీ రాలేదు.

వెళ్ళదలచినవారికి నా సలహా ఇది. నడక ప్యాకేజీలకు డబ్బు కట్టవద్దు. ఆదివారం ఆరాధనకు వెళ్ళండి, సమయం ముందురోజే అడిగి తెలుసుకోండి, ఆరాధన మధ్యలో ఫోన్లు తీయవద్దు. శ్మశానానికి వెళ్ళాలంటే సంఘంవారిని అడిగి వెళ్ళడమే మర్యాద. పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు గనుక మేము కానుక పెట్టెలో వేశాం. లేహ్ దాదాపు మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంది, చేరిన మొదటి రోజు ఏ చర్చికీ పోకుండా పడుకోవడం మంచిది. మా గెస్ట్‌హౌస్ రోజుకు 1,800, వేడినీళ్ళు ఇరవైనాలుగు గంటలూ వస్తాయని చెప్పి ఉదయం ఒక్క గంటే ఇచ్చారు.

ఫ్రాంకె 1899 నుంచి నివసించిన ఖలత్సే గ్రామం కూడా చూడాలని పట్టుబట్టి టాక్సీకి 4,200 రూపాయలు పెట్టించింది నేనే. సింధు నది పక్కన దారి అందంగా ఉంది. ఆయన అక్కడ శిలాశాసనాలు నకలు చేసుకున్నాడు, కేసర్ అనే రాజు వీరగాథను పాడేవారి నోట విని రాసుకున్నాడు. వాటి మీద ఆసక్తి ఉన్నవారికి ఆ ఖర్చు దండగ కాదు. చర్చి కోసమే అయితే లేహ్‌లోనే ఉండిపోవచ్చు. దారిలో కొన్న ఎండు ఆప్రికాట్లు తప్ప ఆ రోజు మొత్తంలో తనకేమీ మిగలలేదని మా ఆవిడ అభిప్రాయం, బాబాయి ఈ విషయంలో ఆమె పక్షమే.