కాగితమా, ట్యాబ్లెట్టా, కటౌటా? స్టూడెంట్ యానిమేషన్ ఫిల్మ్‌కి ఏది మేలు

ఫైనల్ ఇయర్ ఫిల్మ్ మొదలుపెట్టే వేళకి యానిమేషన్ చదివే పిల్లలందరికీ ఒకటే టెన్షన్. కాగితం మీద గీయాలా, ట్యాబ్లెట్ మీద గీయాలా, లేక బొమ్మను ముక్కలుగా విడదీసి కీళ్లు కట్టి కదిలించే కటౌట్ పద్ధతి పట్టాలా? చాలామంది ఏది అందంగా వస్తుందో చూసి తేల్చుకుంటారు. నేను మాత్రం వేరే లెక్క చూడమంటాను. గీసిన బొమ్మ కదలడం ఎంత త్వరగా చూడగలం, చూశాక ఎంత తేలిగ్గా దిద్దుకోగలం? స్టూడెంట్ ఫిల్మ్ బాగుపడేది టెస్టుల్లోనే, అంటే గీసినవాటిని వరసగా ఆడించి చూసుకోవడంలోనే. టెస్టులు ఎక్కువ చేయనిచ్చే పద్ధతే మనకు మంచి పద్ధతి.

ముందు అంకెలు చూద్దాం. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు. అంటే రెండు నిమిషాల సినిమాకి 1,440. రఫ్ (చిత్తు గీత) ఒకసారి, క్లీనప్ (శుభ్రమైన గీత) ఒకసారి గీస్తే 2,880. పాత్ర కదలకుండా నిలబడే క్షణాలు, ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ షాట్లు కొంత భారం తగ్గిస్తాయి. కానీ ఇంకో పాత్ర ఫ్రేములోకి వచ్చిందంటే ఆ తగ్గింది కాస్తా మళ్లీ పెరుగుతుంది.

ఇప్పుడు ఒక షాట్ తీసుకుందాం. ఒకావిడ కుళాయి కింద నిండిన ఇత్తడి బిందెను ఎత్తి చంకన పెట్టుకుంటుంది. మూడు సెకన్లు, 36 బొమ్మలు. కీ డ్రాయింగులు, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమలు, నాలుగు: వంగి బిందె మెడ పట్టుకోవడం, మోకాళ్లు వంచి బలం తీసుకోవడం, బిందె మోకాలి ఎత్తుకు రావడం, చంకన కుదురుకోవడం. మధ్య బొమ్మలన్నీ సమాన దూరంలో గీసి టెస్ట్ వేస్తే బిందె ఖాళీదానిలా తేలిపోతుంది. విడిగా చూస్తే ఏ బొమ్మకీ వంక పెట్టలేం, బరువు మాత్రం లేదు. బిందె నేలను వదలకముందే నాలుగైదు బొమ్మలు దగ్గర దగ్గరగా వేయాలి. ఆ బొమ్మల్లో చేతులు నిటారుగా సాగాలి, భుజాలు కిందికి లాగాలి. నడుము ముందు లేవాలి, బిందె ఆ వెనక రావాలి. చంకకి చేరాక ఒళ్లంతా ఒక పక్కకి ఒరగాలి. అప్పుడు గానీ అందులో నీళ్లున్నాయని చూసేవాళ్లు నమ్మరు. ఈ సంగతి కథను వరస బొమ్మల్లో చూపే స్టోరీబోర్డు చెప్పదు, ఆ బొమ్మల్నే టైమింగ్‌తో ఆడించే యానిమాటిక్ కూడా చెప్పదు. రఫ్ బొమ్మల్ని వరసగా ఆడించి చూసే పెన్సిల్ టెస్ట్ చెబుతుంది. మూడు పద్ధతుల్నీ ఈ బిందె షాట్‌తోనే కొలిచి చూద్దాం.

కాగితంతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు దాని మీద ప్రేమ ఎక్కువ. కింది కాగితం కనిపించేలా వెలిగే లైట్ బాక్స్ కొనక్కర్లేదు, మిల్కీ వైట్ యాక్రిలిక్ షీట్ కింద ఎల్‌ఈడీ స్ట్రిప్ పెడితే పని జరుగుతుంది. కాగితాలు పక్కకు జరగకుండా పెగ్ బార్ (కాగితం రంధ్రాల్లో దూరే పెగ్గులున్న పట్టీ) ఉండాలి. స్టూడియోలు వాడే ఆక్మీ పెగ్గులకు ప్రత్యేకమైన పంచ్ కావాలి, అది ఖరీదు. ఆఫీసుల్లో ఉండే రెండు రంధ్రాల పంచ్‌కి సరిపడేలా ఒక చెక్క పట్టీ మీద రెండు గుండ్రటి పెగ్గులు బిగించుకుంటే స్టూడెంట్‌కి చాలు. ఆ తర్వాత ఫ్లిప్పింగ్. కాగితాల్ని వేళ్ల మధ్య ఇరికించుకుని ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే కెమెరా లేకుండానే కదలిక కనిపిస్తుంది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయిలోని ప్రభుత్వ చిత్ర సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్లకు శిక్షణ ఇచ్చిన కాలం నుంచీ చేతికి అబ్బాల్సిన మొదటి అలవాటు ఇదే. బిందె షాట్‌లో బరువు సంగతి గీస్తుండగానే వేళ్లకు తెలిసిపోతుంది.

టెస్ట్ తీయడానికి ఫోన్ చాలు. టేబుల్ పైన స్టాండ్‌కి కిందికి చూసేలా బిగించి, స్టాప్ మోషన్ యాప్‌లో ఒక్కో బొమ్మనూ రెండు ఫ్రేములుగా తీయాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయాలి, లేకపోతే ఒక ఫ్రేము వెలిగి ఒక ఫ్రేము మసకబారి కదలికే అర్థం కాదు. కిటికీ వెలుతురు కూడా నమ్మదగింది కాదు, మబ్బు పట్టిందంటే షాట్ మధ్యలో రంగు మారిపోతుంది. బొమ్మ మూలన నంబరు తప్పకుండా వేయాలి.

చిక్కంతా టెస్ట్ తర్వాతే. టైమింగ్ మార్చడం తేలిక, బొమ్మను ఇంకో ఫ్రేము నిలిపి మళ్లీ తీస్తే సరి. కానీ ఆవిడ ఫ్రేములో మరీ చిన్నగా ఉందని తేలితే 36 బొమ్మలూ మళ్లీ గీయాల్సిందే. ఆపైన స్కానింగ్, రంగులు. ఒక్కరే చేసే రెండు నిమిషాల సినిమాకి స్కానింగే వారాలు మింగేస్తుంది.

ట్యాబ్లెట్ గెలిచేది ఇక్కడే. గీసిన మరుక్షణం ప్లే నొక్కి చూడొచ్చు. పాత్రను పెద్దది చేయాలన్నా, పక్కకు జరపాలన్నా నిమిషాల పని. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు: 2016లో క్రిటాకి యానిమేషన్ సదుపాయం వచ్చింది, అదే ఏడాది ఓపెన్‌టూన్జ్ ఉచితంగా విడుదలైంది, బ్లెండర్‌లో గీయడానికి గ్రీజ్ పెన్సిల్ ఉంది. మొదటిసారి చేసేవాళ్లకు క్రిటా తేలిక. కాకపోతే అది మెమరీ బాగా తింటుంది, కాబట్టి ఒక్కో షాట్‌కి ఒక్కో ఫైలు పెట్టుకోవాలి. స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ అయినా పర్వాలేదు. చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట ఉండటం మొదట్లో ఇబ్బందే, క్రమంగా అలవాటవుతుంది.

అయితే ట్యాబ్లెట్ రెండు చెడ్డ అలవాట్లు కూడా నేర్పుతుంది. ఒకటి జూమ్. బిందె మీద నొక్కులు దిద్దుతూ గంట గడిపేస్తాం, ఆవిడ నడుము ఒంపు గాలికి పోతుంది. రెండోది ఆనియన్ స్కిన్. ముందు బొమ్మా, తర్వాతి బొమ్మా రెండూ లేత రంగులో కనిపిస్తుంటే చెయ్యి దానంతటదే సరిగ్గా మధ్యలో గీస్తుంది. బిందె తేలిపోవడానికి కారణం ఆ సమాన దూరమే కదా! అందుకే రఫ్ దశలో ఆనియన్ స్కిన్ ఆపేసి, కీబోర్డు బాణాలతో ఫ్రేములు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకోవడం మంచిది.

ఇక కటౌట్. తల, మొండెం, పైచెయ్యి, ముంజెయ్యి విడివిడిగా గీసి కీళ్ల దగ్గర కలపడం. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మల్లో అవయవాలు విడిగా కోసి కీళ్ల దగ్గర కట్టినవే. 1926లో జర్మనీలో లోటె రైనిగర్ కత్తిరించిన నీడబొమ్మలతో గంటకు పైగా నిడివి ఉన్న సినిమానే పూర్తిచేశారు. పక్క నుంచి కనిపించే నడకకీ, మాటలు ఎక్కువున్న కథకీ దీన్ని మించింది లేదు. బిందె షాట్‌లో మాత్రం ఇది నిలబడదు. శరీరం వంగి మెలి తిరిగేచోట, ముఖం పక్కకి తిరిగేచోట ముక్కలు ముక్కలుగానే కనిపిస్తాయి. పైగా ఏదైనా కదలాలంటే ముందు రిగ్ (ముక్కలన్నీ కీళ్లతో కలిపిన బొమ్మ) మొత్తం తయారవ్వాలి, అంటే మొదటి టెస్ట్ చూడటానికే రోజులు పడుతుంది. ఈ దారి ఎంచుకుంటే రంగులు వేయకముందే రిగ్‌ని గట్టిగా పరీక్షించండి: కూర్చోబెట్టండి, చెయ్యి తల పైకెత్తండి, మోచెయ్యి పూర్తిగా మడవండి. కీలు దగ్గర సందు కనిపిస్తే రెండు ముక్కల చివరలూ గుండ్రంగా చేసి ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా మళ్లీ గీయాలి.

మరి ఏది మేలంటారా? ఒక్కరే చేసే రెండు నిమిషాల సినిమాకైతే నా ఓటు ట్యాబ్లెట్‌కే. కాకపోతే స్టోరీబోర్డూ, అన్నిటికంటే కష్టమైన రెండు షాట్ల కీ డ్రాయింగులూ, వాటి పెన్సిల్ టెస్టులూ కాగితం మీదే చేయమంటాను. టైమింగ్ కుదిరాక కీ డ్రాయింగుల్ని ఫోటో తీసి ట్యాబ్లెట్‌లో కింది లేయర్‌గా పెట్టుకుని మిగతావి గీసుకోవచ్చు. కథంతా సంభాషణలైతే, పాత్రల డిజైన్ మొదటి నుంచీ పక్కచూపుగా చదునుగా ఉంటే కటౌట్‌కి వెళ్లండి, టైమ్ లేదన్న ఒక్క కారణంతో మాత్రం వద్దు. ట్యాబ్లెట్ కొనే స్తోమత లేదా? దిగులు పడకండి. కాగితం, ఫోన్ పెట్టుకుని సినిమాను ఒక నిమిషానికి కుదించండి. 720 బొమ్మలు, పెన్సిల్ గీతే ఫైనల్ గీత, క్లీనప్ లేదు, రంగులు రెండు మూడు షాట్లకే. అలా చేసినా టెస్టుల్లో కోత పెట్టొద్దు. ప్రతి షాట్ టెస్టునూ శబ్దం లేకుండా, కథ తెలియని ఒకరికి చూపించి ఆ బిందె బరువుగా ఉందా అని అడగండి.