ఫీనో టెస్ట్: ఊపిరిలో వాపును కొలిచింది, నా రాత్రులను కొలవలేదు

నేను పిల్లలకు పాట నేర్పుతాను. పన్నెండేళ్లుగా ఉబ్బసం ఉంది. ఏడు నెలల్లో మూడుసార్లు ఫీనో టెస్ట్ చేయించుకున్నాను. ఊపిరితో బయటికొచ్చే నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే పరీక్ష ఇది. శ్వాసనాళాల్లో అలర్జీ తరహా వాపు ఉంటే లోపలి పొర ఈ వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. పెద్దవాళ్లకు 25 లోపు వస్తే తక్కువ, 50 దాటితే ఎక్కువ అంటారు.

టెస్ట్ చాలా తేలిక. సూది లేదు, నొప్పి లేదు. ఊపిరంతా వదిలేసి, గొట్టాన్ని పెదాలతో గట్టిగా పట్టుకుని నిండా పీల్చి, పది సెకన్లపాటు ఒకే వేగంతో వదలాలి. నేను ఊదిన యంత్రం తెర మీద చిన్న మేఘం కనిపించింది. గట్టిగా ఊదితే పైకి పోతుంది, మెత్తగా ఊదితే కిందికి జారుతుంది. దాన్ని రెండు గీతల మధ్యే ఉంచాలి. స్వరాన్ని నిలపడం లాంటిదే కదా, నాకు కొట్టిన పిండి అనుకున్నాను. ఏడో సెకనుకే మేఘం కిందికి జారిపోయింది. మూడో ప్రయత్నానికి గానీ కుదరలేదు.

ఒక ఫిర్యాదు. మొదట వెళ్లిన చోట ముందు స్పైరోమెట్రీ (బలంగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేసి, వెంటనే ఇది చేశారు. బలంగా పదేపదే ఊదాక ఫీనో అంకె తగ్గి రావచ్చు, అందుకే దీన్ని ముందు చేయాలి. అప్పుడు 41 వచ్చింది, పర్వాలేదన్నారు. రెండు వారాల తర్వాత ఇంకోచోట వరస సరిగ్గా పాటించి చేస్తే 64. మీరు వెళ్తే ఏది ముందో అడగండి. సిగరెట్ తాగేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి, వాళ్లకు అంకె తక్కువగా చూపిస్తుంది.

ఆ రెండోచోట డాక్టరుగారు నా చేతికి ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు. 32 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. ఒక్కో దానికి 1 నుంచి 7 దాకా మార్కు, 7 అంటే ఏ ఇబ్బందీ లేదని. కెనడాలో ఎలిజబెత్ జునిపర్ బృందం 1992లో ప్రచురించిందట. ఆయాసం, పిల్లికూతల గురించే అడుగుతుందనుకున్నాను. మందు దగ్గర లేకపోతే భయమేస్తుందా అని కూడా అడిగింది. ఘాటైన వాసనలున్న చోటికి వెళ్లడం మానుకుంటున్నారా అని అడిగింది. ఉబ్బసం వల్ల ఇబ్బందయ్యే పనులు మీరే ఐదు రాయండి అంది.

మొదటిది "పాట" అని రాసి ఆగిపోయాను. ఒక చరణంలో పొడుగాటి పంక్తి ఉంది. నాకు ఊపిరి చాలక మధ్యలో ఆపి, పీల్చుకుని పాడతాను. మా క్లాసులో పిల్లలందరూ సరిగ్గా అక్కడే ఆగి ఊపిరి పీలుస్తారు. వాళ్లకేం ఉబ్బసం లేదు, నన్ను చూసి నేర్చుకున్నారు. ఎవరడిగినా "బాగానే ఉన్నానండి" అనే నేను ఆ కాగితం ముందు కాసేపు కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ నా దగ్గర ముందే ఉంది. ఆయాసం వచ్చినప్పుడే వాడేదాన్ని, అదే తప్పు. రోజూ రెండుపూటలా స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బా) పీల్చి, నోరు పుక్కిలించడం మొదలుపెట్టాను. మూడు నెలలకు 64 కాస్తా 27 అయింది. ఎంత సంతోషమో! కానీ ప్రశ్నాపత్రం మళ్లీ నింపితే, ఆయాసం మార్కులు బాగా పెరిగాయి, భయం మార్కులు కదల్లేదు. రాత్రి దిండు కింద ఇన్‌హేలర్ ఉందో లేదో రెండుసార్లు తడుముకుంటూనే ఉన్నాను. వాపు తగ్గినంత తొందరగా టెన్షన్ తగ్గదు. ఎప్పుడు ఏం చేయాలో, ఎన్ని పఫ్‌లు తీసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో డాక్టరుగారు ఒక కాగితం మీద రాసిచ్చాక గానీ నిద్ర కుదురుకోలేదు.

అందుకే ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మందు పనిచేస్తోందా, రోజూ వాడుతున్నామా అన్నది ఈ టెస్ట్ బాగా పట్టిస్తుంది. జబ్బు ఎంత తీవ్రమో ఈ అంకె ఒక్కటే చెప్పదు. ఆ తీవ్రత, ఎంత మందు వాడితే జబ్బు అదుపులో ఉంటుందన్న దాన్నిబట్టి తేలుతుంది. అంకె తక్కువే ఉండి నరకం పడేవాళ్లూ ఉన్నారు, అందరి ఉబ్బసం ఒకే రకం వాపు కాదు. దీంతోపాటు ప్రశ్నాపత్రం ఇవ్వని చోట మీరే అడిగి తీసుకోండి.

గత వారం ఆ పంక్తిని ఆగకుండా పాడాను. పిల్లలు మాత్రం పాత చోటే ఊపిరి కోసం ఆగారు. ఇప్పుడు వాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్నాను.