జిమ్నీ లిఫ్ట్ తీయించుకునేవాళ్ళు జాగ్రత్త: ఎత్తు తగ్గింది చూసి డబ్బు కట్టొద్దు

లిఫ్ట్ చేసిన, అంటే సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచిన బండిని మళ్ళీ కంపెనీ ఎత్తుకి తెప్పించుకుందామని ఎవరైనా అనుకుంటుంటే దయచేసి ఇది చదివాకే బండిని షెడ్డులో వదలండి. నిన్న జరిగిన గొడవ తాలూకు కోపం నాకింకా దిగలేదు, చెప్పేది వరసలో లేకపోతే ఏమీ అనుకోవద్దు. షెడ్డు పేరు రాయను, కన్స్యూమర్ ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి. హైదరాబాద్‌లో ఆఫ్‌రోడ్ బళ్ళ పనికి మనవాళ్ళు చాలామంది వెళ్ళే చోటే, లిఫ్ట్ కిట్ వేయించుకున్నవాళ్ళకి ఎవరి గురించో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

బండి ఐదు డోర్ల మారుతి జిమ్నీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరు రెండు అంగుళాల లిఫ్ట్ వేయించాడు. పొడవు స్ప్రింగులు, పొడవు షాకులు (షాక్ అబ్జార్బర్లు), కాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) సరిచేసే రబ్బరు బుష్‌లు, అడ్జస్ట్ చేసుకునే ప్యానార్డ్ రాడ్లు (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టి ఉంచేవి), బ్రేక్ హోస్‌లు (బ్రేక్ ఆయిల్ పైపులు) కిందికి దించే బ్రాకెట్లు, అంతా పద్ధతిగా వేయించిన కిట్టే. అతన్ని నేను తప్పు పట్టను. కంపెనీ స్ప్రింగులూ షాకులూ మాత్రం ఎప్పుడో ఇచ్చేశాడట, అవి నాకు దొరకలేదు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆ ఎత్తు ఎక్కలేకపోతోంది. నేను వికారాబాద్ అనంతగిరి వైపు ఎప్పుడో ఒకసారి మట్టి రోడ్డు మీద తిరిగేవాణ్ణి, దానికి కంపెనీ ఇచ్చిన 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ చాలు. పైగా జిమ్నీ లాంటి సాలిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండికి స్ప్రింగులతో లిఫ్ట్ వేస్తే బాడీ పైకి లేస్తుంది గానీ యాక్సిల్ కింద ఖాళీ పెరగదు, అది పెరగాలంటే టైరే పెద్దది వేయాలి. ఈ మాట కిట్ అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి, ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గరపడింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. లిఫ్ట్ ఆ సెక్షన్ల కిందికి వస్తుందా రాదా అని రేపు రోడ్డు మీద వాదించుకోవడం, ఏదన్నా జరిగితే చెప్పని మోడిఫికేషన్ ఉందని క్లెయిమ్ ఆపేస్తారేమో అని టెన్షన్ పడటం నాకు ఇష్టం లేదు. అందుకే తీయించేద్దామనుకున్నాను.

షెడ్డు ఓనరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకులు కొత్తవి, జెన్యూన్ పార్టులే వేస్తాం. బుష్‌లు, రాడ్లు కూడా కంపెనీవే. షోరూమ్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది" అన్నాడు. సగం డబ్బు ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. బండి ఇచ్చే రోజు టేపు తీసి చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు దాకా నాలుగు పక్కలా కొలిచి చూపించాడు. పక్కనే ఇంకెవరిదో కిట్ లేని జిమ్నీ ఉంటే దాన్నీ కొలిచి, "చూడండి, అదెంతో ఇదీ అంతే" అన్నాడు. నిజంగానే అంతే ఉంది. మిగతా డబ్బు కట్టేశాను. తీసిన పాత కిట్ ఏదని అడిగితే "పొద్దున్నే పాత ఇనప సామాన్లవాడు పట్టుకెళ్ళాడు సార్, అవి దేనికీ పనికిరావు" అన్నాడు.

ఆ వారమే అమ్మనీ నాన్ననీ తీసుకుని విజయవాడ బయల్దేరాం. సిటీ దాటే లోపే తేడా తెలిసింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే ధడేల్ మని లోపల ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. టోల్ గేటు ముందు రంబుల్ స్ట్రిప్స్ మీద బండి మొత్తం అదిరిపోయింది, వెనక సీట్లో అమ్మ నడుం పట్టుకుని కూర్చుంది. లిఫ్ట్ ఉన్నప్పుడే హాయిగా ఉంది కదరా అంది. స్టీరింగ్ బరువుగా ఉంది, తిన్నగా పోతున్నప్పుడు కూడా కొంచెం పక్కకి తిరిగి ఉంది. షెడ్డుకి ఫోన్ చేస్తే కొత్త స్ప్రింగులు కదా, సెట్ అవడానికి టైమ్ పడుతుందన్నాడు. అలైన్‌మెంట్ చేశాం, బిల్లులో ఉంది చూసుకోండి అన్నాడు. జిమ్నీకి అలైన్‌మెంట్ అంటే మామూలుగా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేస్తారు, కాస్టర్, క్యాంబర్ (చక్రం నిలువుగా పక్కకి వాలే కోణం) మిషన్ మీద తిప్పి మార్చేవి కావు. అలైన్‌మెంట్ బిల్లు ఉన్నంత మాత్రాన ముందు యాక్సిల్ సరిగ్గా కూర్చున్నట్టు కాదు.

విజయవాడలో మా బాబాయికి తెలిసిన మేస్త్రి ఒకాయన ఆటోనగర్‌లో ఉన్నారు. లారీల కమాన్‌కట్టల పనితో మొదలుపెట్టి వయసంతా సస్పెన్షన్ పనిలోనే గడిపిన మనిషి. బండిని హాయిస్ట్ మీద ఎత్తారు, నాలుగు చక్రాలూ గాల్లో వేలాడాయి. ఆయన ముందు ఎడమ పక్క స్ప్రింగుని చేత్తో పట్టుకుని తిప్పారు. అది సీసా మూత తిరిగినట్టు తిరిగింది. పక్కదీ అంతే. నాకు చేతులు చల్లబడ్డాయి.

అసలు ఏం చేశారో ఆయన ఒక్కొక్కటీ చూపించారు. ఆ స్ప్రింగులు కొత్తవి కావు, నా లిఫ్ట్ కిట్ స్ప్రింగులే. ఒక చుట్టు కోసేసి, కోసిన చోట గ్రైండర్ గీతలు కనపడకుండా నల్ల స్ప్రే కొట్టి మళ్ళీ బిగించారు. గోటితో గీరితే పెయింట్ ఊడొచ్చింది, కింద కిట్ రంగు కనపడింది. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, అందుకే అమ్మ నడుముకి ఆ దెబ్బ. షాకులు కూడా పాత పొడవువే. కిట్‌తో పాటు బంప్ స్టాప్‌ల (బండి మరీ కుంగకుండా ఆపే రబ్బరు దిమ్మలు) కింద వేసిన ఎక్స్‌టెన్షన్లు మాత్రం తీసేశారు. దాంతో బండి కుంగినప్పుడు రబ్బరు తగలకముందే పొడవు షాక్ చివరికంటా మూసుకుపోయి ఇనుము తగులుతోంది. నేను విన్న చప్పుడు అదే.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇది. జిమ్నీలో స్ప్రింగు వేరు, షాక్ వేరు. యాక్సిల్ ఎంత కిందికి వేలాడాలో షాక్ పొడవే చెబుతుంది. షాక్ పొడవుది, స్ప్రింగు పొట్టిది అయితే చక్రం గాల్లోకి లేచినప్పుడు యాక్సిల్ కిందికి దిగిపోతుంది గానీ స్ప్రింగు దాన్ని అందుకోలేదు, తాను కూర్చునే సీటులో (యాక్సిల్ మీది గిన్నెలో) వదులుగా నిలబడుతుంది. పెద్ద గుంతలో ఒక చక్రం వేలాడితే స్ప్రింగు సీటులోంచి పక్కకి జరగొచ్చు, ఊడిపోనూవచ్చు. దానికి తోడు బ్రేక్ హోస్ బ్రాకెట్లు కూడా తీసేశారు. బహుశా అవి ఇంకో బండికి అమ్ముకోవచ్చని తీసి ఉంటారు. హాయిస్ట్ మీద ఉన్నప్పుడు ముందు బ్రేక్ హోస్‌లు రెండూ బిర్రబిగుసుకుని ఉన్నాయి. "బాబూ, దీంతో హైదరాబాద్ నుంచి వచ్చావా" అని మేస్త్రి గారు అడిగారు. అమ్మానాన్నలని ఎక్కించుకుని వచ్చాను.

ప్యానార్డ్ రాడ్లు లిఫ్ట్ కోసం సెట్ చేసిన పొడవులోనే ఉన్నాయి. ఎత్తు మారితే ఆ పొడవూ మార్చాలి, లేకపోతే యాక్సిల్ ఒక పక్కకి నెట్టుకుపోతుంది, ఒక టైరు ఫెండర్ లోంచి ఎక్కువ బయటికొచ్చి కనపడుతుంది. కాస్టర్ బుష్‌లు కూడా లిఫ్ట్‌వే. అవి ఎత్తు పెంచినప్పుడు తగ్గే కాస్టర్‌ని తిరిగి తేవడానికి వేసేవి, కంపెనీ ఎత్తులో ఉంచితే కాస్టర్ కావాల్సిన దానికన్నా ఎక్కువైపోతుంది. స్టీరింగ్ బరువు అందుకే. మొత్తం మీద నా బిల్లులో రాసిన కొత్త పార్టుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా బండికి లేదు. పాత ఇనప సామాన్లవాడు పట్టుకెళ్ళాడన్న కిట్‌లో చాలామటుకు నా బండి కిందే ఉంది.

బండిని అక్కడే వదిలేసి, ఫొటోలూ వీడియోలూ తీసుకుని బస్సులో తిరిగొచ్చి నిన్న షెడ్డుకి వెళ్ళాం. నేనొక్కణ్ణే వెళ్తానంటే నాన్న కూడా వచ్చారు. ఓనరు ఇంకో ఇద్దరు కస్టమర్లతో టీ తాగుతూ ఉన్నాడు. ఫొటోలు చూపించాను. ఒక్క ఫొటో కూడా పూర్తిగా చూడలేదు. "మీరు ఎత్తు తగ్గించమన్నారు, తగ్గించాం. కొలిచి చూపించాం కదా. ఇంకా ఏంటి?" అన్నాడు. బిల్లులో కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు అని రాసి డబ్బు తీసుకున్నారు కదా అంటే, "అది మా రేటు. ఎత్తు తగ్గించే పనికి రేటు. లోపల ఏం పెట్టాలో మా పని, బండి కింద దూరి చూడమని మీకెవరు చెప్పారు?" అన్నాడు. సరిగ్గా ఈ మాటలే. కస్టమర్లిద్దరూ నవ్వారు.

అప్పుడు నాన్న నెమ్మదిగా, "బాబూ, ఆ బండిలో మా ఆవిడ కూర్చుంది. స్ప్రింగు ఊడిపోయి ఉంటే ఏమయ్యేది?" అని అడిగారు. ఆయన ముప్పై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. దానికి వాడు తల కూడా ఎత్తకుండా, "పెద్దాయనా, నీకు స్ప్రింగుల గురించి ఏం తెలుసు, వెళ్ళి బయట కూర్చో" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. నా భుజం మీద చెయ్యేసి పద అన్నారు. డబ్బు పోయింది, అది ఎలాగో రాబట్టుకుంటాను. ఆ "నీకు", ఆ "బయట కూర్చో" మాత్రం నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. మనుషుల ప్రాణాలు మోసే బండికి కోసిన స్ప్రింగు పెట్టి, అడగడానికి వచ్చిన పెద్దమనిషిని ఏకవచనంలో తోలేసినవాడి దగ్గరికి ఇంకో కుటుంబం వెళ్ళకూడదు. ఇది రాస్తున్నది అందుకే.

లేచి వచ్చేటప్పుడు "రివ్యూ రాసుకో పో" అని వెనక నుంచి అరిచాడు కూడా.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌లో సేవా లోపం కింద కేసు. 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా ఉండదు, జరిగినప్పటి నుంచి రెండేళ్ళ లోపు వేయొచ్చు. బిల్లు, ఫోన్‌పే రికార్డు, మేస్త్రి గారు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం, గీరినచోట కిట్ రంగు కనపడే వీడియో, అన్నీ ఉన్నాయి. బిల్లు తెల్లకాగితం మీదదే, జీఎస్టీ లేదు, పార్ట్ నంబర్లు లేవు. అయినా "స్ప్రింగ్ సెట్ న్యూ" అని వాడి చేతిరాతే ఉంది. బండికి విజయవాడలోనే కంపెనీ పార్టులు తెప్పించి వేయిస్తున్నాం.

మీరు ఎక్కడ చేయించినా సరే, పార్ట్ నంబర్లున్న డబ్బాలు ముందు మీ కళ్ళతో చూసి, బిల్లులో ఆ నంబర్లు రాయించుకోండి. తీసిన కిట్ మీ డిక్కీలో పెట్టించుకోండి, అది ఇవ్వలేకపోయారంటే అసలు తీయలేదేమో అని అనుమానించండి. బండి ఇచ్చేటప్పుడు టేపు వద్దు, హాయిస్ట్ మీద ఎత్తించి చక్రాలు వేలాడుతుండగా స్ప్రింగులు చేత్తో తిప్పి చూడండి, బ్రేక్ హోస్‌లు వదులుగా ఉన్నాయో లేదో చూడండి. బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. థార్ వాళ్ళు ముందు స్ప్రింగు-షాక్ సెట్టు పైన స్పేసర్ (ఎత్తు పెంచడానికి పెట్టే దిమ్మ) ఇంకా ఉందేమో చూసుకోండి. హెడ్‌లైట్లు కూడా మళ్ళీ సెట్ చేయించుకోండి, ఎత్తు మారితే అవీ మారతాయి.

ఆ షెడ్డులో ఈ మధ్య ఎవరైనా లిఫ్ట్ తీయించుకుని ఉంటే, శ్రీశైలం ఘాట్ గానీ అరకు గానీ ఎక్కకముందే బండిని ఇంకోచోట ఎత్తించి చూపించండి. నాలాగే కోసిన స్ప్రింగులు బయటపడితే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.