ఖగోళ క్లబ్బులో ఎనిమిదేళ్లు: చేరాలనుకునేవాళ్ల కోసం

2017 అక్టోబరులో హైదరాబాద్‌లో ఒక ఖగోళ క్లబ్బులో చేరాను. నాది అకౌంట్స్ ఉద్యోగం, సైన్సు చదువు ఇంటర్‌తోనే ఆగిపోయింది. మొదటి రోజు చూపించింది శనిగ్రహాన్ని. ఆ ఏడాది వలయాలు 27 డిగ్రీల వాలుతో పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. అలాంటప్పుడు చూడటం అదృష్టమని నాకప్పుడు తెలియదు. ఆ తర్వాత ఏటికేడాది అవి సన్నబడటం చూస్తూ వచ్చాను. 2025 మార్చిలో వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరిగింది.

చేరాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనానికి ఆకాశం చూపించాలన్న ఇష్టం ఉంటే తప్పకుండా చేరండి. ఉపన్యాసాల కోసమో, టెలిస్కోపు ఇంటికి ఇస్తారనో అయితే నిరాశ పడతారు. ఏడాది చందా ఒక కుటుంబం సినిమాకి వెళ్లొచ్చినంత, అదేం భారం కాదు.

క్లబ్బు ప్రాణమంతా బహిరంగ ప్రదర్శనల్లోనే ఉంది. పార్కులో, స్కూలు గ్రౌండులో, అపార్ట్‌మెంట్ డాబా మీద పెడతాం. మా దగ్గరున్నది 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పుకునే టెలిస్కోపు, మోటారు లేదు. 120 రెట్లు పెద్దగా చూపించే ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే, భూమి తిరగడం వల్ల గ్రహం నిమిషంన్నరలో కనుచూపు దాటిపోతుంది. ఇద్దరు ముగ్గురు చూడగానే గొట్టాన్ని మళ్లీ జరపాలి. అది చేతికి పట్టుబడటానికి నాకు మూడు నెలలు పట్టింది. క్యూలో వందమంది ఉంటే రెండు గంటలు నిలబడే పని. పిల్లలకి స్టూలు వేయాలి, గొట్టాన్ని పట్టుకుని వేలాడకుండా చూడాలి, ఐపీస్‌కి అంటుకున్న కాటుక తుడవాలి. కాటుక జిడ్డు ఉంటే చందమామ కూడా మసకే. అందుకే జేబులో మెత్తని గుడ్డ లేకుండా నేను వెళ్లను.

చంద్రుణ్ని చూపించాలంటే పౌర్ణమి మంచిదనుకుంటారు. నిజానికి ఆ రోజు నీడలుండవు, బిలాలన్నీ చదునుగా కనిపిస్తాయి. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగు చీకట్ల సరిహద్దు దగ్గర గుంతల అంచులు లేచి నిలబడతాయి. అప్పుడు పెట్టిన ప్రదర్శనలే బాగుంటాయి. ఒకసారి ఒక స్కూలువాళ్లు తదియ నాడు పిలిచారు. ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి సన్నని చంద్రుడు కాస్తా చెట్ల వెనక్కి దిగిపోయాడు. రెండొందల మంది పిల్లలు చూడకుండానే బస్సెక్కారు. ఆ బాధ నాకిప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు ఎవరు పిలిచినా, టెలిస్కోపు ముందు, సభ తర్వాత అని చెప్పాకే ఒప్పుకుంటున్నాం.

ఏప్రిల్, మే నెలల్లో నాకు ఇష్టమైనది అరుంధతిని చూపించడం. పెళ్లిలో చూశారా అంటే అందరూ నవ్వుతారు. పట్టపగలు పంతులుగారు చెయ్యి చూపించిన వైపు తలూపినవాళ్లే ఎక్కువ. సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని అరుంధతి. 48 రెట్ల ఐపీస్‌లో రెండూ ఒకేచోట పడతాయి, అంతేకాదు, వశిష్ఠుడే మళ్లీ రెండు చుక్కలుగా విడిపోతాడు. ఒక సాయంత్రం ఒక పెద్దాయన చూసి, పక్కకి జరిగి, "రావే, ఇప్పుడు నిజంగా చూద్దువు గాని" అని భార్యని పిలిచారు. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి, చాలాసేపు కన్ను తీయలేదు. క్యూలో ఒక్కరూ తొందరపెట్టలేదు.

గ్రహణాల రోజున పని వేరు, గ్రహణమంటే భయపడేవాళ్లతో మాట్లాడాలి. 2018 జనవరి 31న చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు, సాయంత్రం 6:21 నుంచి గంటకు పైగా పూర్తిగా ఎర్రబడ్డాడు. డాబా మీద మేం అందరికీ టీ, బిస్కెట్లు పంచాం. మొదట తీసుకున్నది డెబ్బై దాటిన ఒక అమ్మమ్మ. వాళ్ల ఊరు ఉస్మానియా యూనివర్సిటీవాళ్ల జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి దగ్గరట. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు. ఆవిడని మాత్రం ఇంట్లో పెట్టి తలుపులు, కిటికీలు మూసేశారట. "ఇంటి మీదే అయింది, నేనే చూడలేదు" అన్నారు.

నీడలేని రోజుతో, అంటే మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజుతో, మాకు ఏటా టెన్షనే. హైదరాబాద్‌లో అది మే 9న, మళ్లీ ఆగస్టు 3న వస్తుంది. మేలో ఎండ ఉంటుంది కానీ బడులకి సెలవులు. ఆగస్టులో బడులుంటాయి, మబ్బులూ ఉంటాయి. అందుకని మేలో కాలనీల్లోనే చేస్తాం. మధ్యాహ్నం 12:12 ప్రాంతంలో స్టీలు గ్లాసు బోర్లించి పెడితే చాలు, నీడ గ్లాసు కిందికే చేరిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఇక లోపాలు. నెలవారీ ఉపన్యాసాలు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే. తెలుగు మీడియం బడికి వెళ్లినప్పుడు కూడా అలాగే మొదలుపెడితే పిల్లలు మౌనంగా కూర్చుంటారు. కృత్తికలు, రోహిణి, ఆరుద్ర అనగానే ఆ పిల్లలే "కృత్తికల్ని మా నానమ్మ పిల్లలకోడి అంటుంది" అని ముందుకొస్తారు. దీని మీద కమిటీలో నాలుగేళ్లు పోరాడాక బడి కార్యక్రమాలు తెలుగులోకి మారాయి. ఉపన్యాసాలు మారలేదు.

ఇంటికిచ్చే టెలిస్కోపు ఒక్కటే ఉంది, నా వంతు రావడానికి ఐదు నెలలు పట్టింది. వచ్చినప్పుడు అద్దాల అమరిక తప్పి ఉంది, చుక్కలన్నీ తోకలతో కనిపించాయి. ఒక సీనియర్ వచ్చి స్క్రూలు తిప్పి సరిచేయడం నేర్పారు, ఆ ఒక్క పూటకే చందా గిట్టుబాటయింది.

అమావాస్య దగ్గరి శనివారాల్లో వికారాబాద్ వైపు వెళ్తాం. నగరంలో కనిపించని పాలపుంత అక్కడ దక్షిణాన పొగలా లేస్తుంది. చీకటికి అలవాటుపడ్డ కళ్లకి వెలుగు కొట్టకుండా టార్చీకి ఎర్ర గాలిపటం కాగితం చుట్టుకుని తెల్లవార్లూ ఉంటాం. కానీ చాలా ఏళ్లు అక్కడ ఆడవాళ్లకి టాయిలెట్ లేదు. సాయంత్రం నుంచి నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. నాతో చేరిన ముగ్గురు అమ్మాయిలు ఈ ఒక్క కారణంతో మానేశారు. ఇప్పుడు గదులున్న ఫామ్‌హౌస్ తీసుకుంటున్నారు, ఖర్చు కాస్త పెరిగింది. ఆడవాళ్లు ఏ క్లబ్బులో చేరుతున్నా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, మొహమాటపడకండి.

టెలిస్కోపు కొనాలనుకునేవాళ్లు ముందు మూడు నాలుగు ప్రదర్శనలకి వచ్చి, మా వాటితో చూసి కొనండి. డబ్బాల మీది రంగురంగుల బొమ్మలు చూసి కొన్నవి చాలావరకు అటక మీదున్నాయి.

మొన్న నవంబరులో శనిని చూసి ఒక ఆరో తరగతి పిల్లాడు "లడ్డూకి పుల్ల గుచ్చినట్టుంది" అన్నాడు. నిజంగా అలాగే ఉంది. వలయాలు మళ్లీ విచ్చుకుంటూ 2032 నాటికి పూర్తిగా తెరుచుకుంటాయని చెప్పి, నోట్‌బుక్‌లో ఏటా ఒక బొమ్మ గియ్యమన్నాను. తేదీ వేసి, మొదటి పేజీలో లడ్డూ గీసి చూపించాడు. పుల్ల కొంచెం లావుగా వచ్చిందని తనే చెరిపి మళ్లీ గీశాడు.