నలభై దాటాక మొదటి టూరింగ్ బండి: మీటియర్ 350 ఎవరికి సరిపోతుంది?

నడివయసులో తొలిసారి గేర్ల బండి కొని దూరప్రయాణాలకు వెళ్లాలనుకునేవారు సీసీ కన్నా ముందు సీటు ఎత్తు చూడాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు నేల నుంచి 765 మిల్లీమీటర్లే. ఓ మోస్తరు ఎత్తున్న మనిషికి రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనుతాయి. 2020లో వచ్చిన ఈ బండిని కొత్తవారికి ధైర్యంగా సూచించడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఇక బరువు. పెట్రోలుతో కలిపి 191 కిలోలు. కదులుతున్నప్పుడు ఆ బరువు తెలియదు, ఆపేటప్పుడు తెలుస్తుంది. నేర్చుకునేవారి చేతిలో బండి పడిపోయేది ఎక్కువగా నడక వేగంలోనే. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టేస్తారు, బరువంతా ఒక్కసారిగా ఆ పక్కకు ఒరుగుతుంది, కాలితో ఆపుదామనుకునేలోపే చేయి దాటిపోతుంది. హ్యాండిల్‌ను నేరుగా చేశాకే ఆగడం, నడక వేగంలో వెనక బ్రేకుతోనే ఆపడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

పడిన బండిని నడుం వంచి లేపబోతే వెన్ను పట్టేస్తుంది. ముందు ఇంజిన్ ఆపండి, గేరులో ఉంచండి. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే దించండి, లేకపోతే లేపిన బండి అవతలివైపు, అంటే ఎడమకు పడుతుంది. హ్యాండిల్‌ను నేలవైపు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో కిందనున్న గ్రిప్పు, రెండో చేత్తో వెనక పట్టీ పట్టుకోండి. చేతులతో లాగకుండా కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తే లేస్తుంది.

ఇంజిన్ విషయానికొస్తే, 349 సీసీ, 20.2 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). ఆ టార్క్ ఇంజిన్ తక్కువ జోరులో ఉండగానే, అంటే 4000 ఆర్‌పీఎంలోనే అందుతుంది కాబట్టి తక్కువ వేగంలో తడబడదు. చదునైన చోట మొదటి గేరులో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదిలితే బండి తనంతట తానే నడుస్తుంది. నేర్చుకోవడానికి దీన్ని మించిన వరం లేదు. ఖాళీ మైదానంలో మొదటి పాఠం అదే: కాళ్లు నేలమీదే ఉంచి, క్లచ్ పట్టు దొరికే చోటు వరకు వదలడం, మళ్లీ పట్టడం. ఆ చోటు వేళ్లకు గుర్తుండిపోయేదాకా రెండో గేరు జోలికి వెళ్లొద్దు. తర్వాత కాళ్లు పైకెత్తి, క్లచ్ సగం మాత్రమే వదిలి, అంటే హాఫ్ క్లచ్‌లో ఉంచి, వెనక బ్రేకును కొద్దిగా నొక్కి పట్టి, వీలైనంత నిదానంగా నేరుగా నడపాలి. బ్రేకు లాగుతుంటే ఇంజిన్ నెడుతుంటుంది, ఆ బిగువులో బండి స్థిరంగా నిలుస్తుంది. ఇది వచ్చాక ఎనిమిది ఆకారంలో తిప్పండి. ముందు చక్రం వైపు చూస్తే బండి అక్కడే కుప్పకూలుతుంది. తలను పూర్తిగా తిప్పి, వెళ్లాల్సిన చోటు వైపు చూడాలి.

గేరు లివర్‌కు మడమ పెడల్ కూడా ఉంది, పై గేరుకు మడమతో నొక్కితే చాలు. క్లచ్ పాత బండ్లలో కాస్త గట్టిగానే ఉంటుంది. 2025 మార్పుల్లో తక్కువ బలంతో పట్టుకోగల స్లిప్-అసిస్ట్ క్లచ్ వచ్చాక తేలికైంది. మణికట్టు నొప్పి ఉన్నవారు ఆ తర్వాతి బండే తీసుకోవాలి.

బ్రేకులకు రెండు చక్రాలకూ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఉంది. అయినా సాధన తప్పదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మొదలుపెట్టి, ముందు బ్రేకును ఒక్కసారిగా లాక్కోకుండా పిండుతూ బలం పెంచండి. ఏబీఎస్ పనిచేస్తే లివర్ లేదా పెడల్ అదురుతుంది. కొత్తవారు అది చూసి భయపడి వదిలేస్తారు, అక్కడే ప్రమాదం. గట్టిగా పట్టే ఉండాలి. 80 వేగంలో మనిషి స్పందించడానికి ఒకటిన్నర సెకను పట్టినా, బ్రేకు తాకేలోపే 33 మీటర్లు వెళ్లిపోతాం. ముందున్న వాహనానికి ఎడం ఉంచాల్సింది ఈ లెక్కతోనే.

ఈ బండిలో అసలు లోపం కూర్చునే తీరు. పాదాలు ముందుకు చాపి ఉంటాయి. గుంత కనిపించగానే పెగ్గుల (పాదాలు పెట్టే కడ్డీల) మీద లేచి నిలబడటం కుదరదు, దెబ్బంతా నేరుగా నడుముకే తగులుతుంది. వెనక షాక్ అబ్జార్బర్లకు ఆరు మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు మార్చే ఏర్పాటు) ఉంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు తగ్గించి, సామాను లేదా వెనక మనిషి ఉన్నప్పుడు పెంచండి, చాలామంది దీన్ని ముట్టుకోరు. ఇప్పటికే నడుము డిస్కు సమస్య ఉన్నవారు పాదాలు తిన్నగా కిందికి ఉండే బండిని చూసుకోవడం మేలు.

వేగం? 80, 90 దగ్గర హాయిగా సాగుతుంది. ఇంజిన్ అదురును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ వల్ల వణుకు తక్కువ. 100 దాటితే మాత్రం ఐదు గేర్లే ఉన్న ఈ ఇంజిన్ శ్రమపడుతుంది, ఎత్తు మీద ఓవర్‌టేక్ చేయాలంటే ముందే నాలుగో గేరుకు దిగాలి. రోజంతా 110లో పోవాలనుకునేవారికి ఇది తగదు. ట్యాంకు 15 లీటర్లు, దూరప్రయాణానికి చాలు.

నడివయసు కళ్లకు ఇంకో ఇబ్బంది: దగ్గరి చూపు తగ్గినవారికి హ్యాండిల్ దగ్గర దారి చూపే ట్రిప్పర్ నావిగేషన్ చిన్న తెర చదవడం కష్టం. ఆగి ఉన్నప్పుడే దారి చూసుకుని మనసులో పెట్టుకోవాలి. మొదట వచ్చిన బండ్లలో హాలోజెన్ దీపం, రాత్రి చీకటి రోడ్లలో అది సరిపోదు.

సామానులో బరువైనవి కిందికి, చక్రాల మధ్యకు రావాలి, రెండు సంచుల బరువు సమానంగా ఉండాలి. వెనక చివర ఎత్తున కడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. చైన్‌ను 500 కిలోమీటర్లకోసారి తుడిచి నూనె వేయాలి, వాన తగిలితే అదే రోజు. మొదటి సర్వీసు కూడా 500 దగ్గరే.

కొనేముందు టెస్ట్ రైడ్‌లో వేగం పరీక్షించాల్సిన పని లేదు. బండి మీద కూర్చుని సెంటిమీటరు సెంటిమీటరుగా వెనక్కి నెట్టండి, వాలులో నిలిపి మళ్లీ కదపండి, సెంటర్ స్టాండు మీద ఒకసారి ఎక్కించి దించండి. ఈ మూడూ సాయం లేకుండా చేయగలిగితే ఈ బండి మీకు సరిపోతుంది.